మీకు తెలుసా? కారు నీళ్లు తాగదు!

"బండి నీళ్లు తాగుతోందన్నా!" అనంతపురంలో ఏ మెకానిక్ షెడ్డు దగ్గర అరగంట నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది. చిన్న కారున్న వాళ్లలో చాలామంది డిక్కీలో రెండు లీటర్ల నీళ్ల బాటిల్ పెట్టుకునే బయల్దేరతారు. టెంపరేచర్ ముల్లు లేస్తే ఆపడం, చల్లారాక నీళ్లు పోయడం, మళ్లీ కదలడం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా మాత్రమే వాన పడే నేల మనది. దేశంలో తక్కువ వాన చూసే జిల్లాల్లో ఒకటని మనకు పేరు. ఇక్కడి రైతు బోరులో రెండించుల నీళ్లు ఒకటిన్నర ఇంచుకు తగ్గితే ఆ రాత్రి నిద్రపోడు. ఎందుకు తగ్గాయో కనుక్కునేదాకా ఊరుకోడు. కారులో నీళ్లు తగ్గితే మాత్రం మనం పోసి ఊరుకుంటాం. ఎక్కడికి పోతున్నాయని అడగం. ఈ వారం సంగతులన్నీ ఆ ప్రశ్న గురించే.

ఒకప్పుడు కారు నిజంగానే నీళ్లు తాగేది

1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు భర్త కార్ల్ బెంజ్‌కు ముందుగా చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల కారులో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు ప్రయాణం కట్టింది. దూరం వంద కిలోమీటర్ల పైమాటే. ఆ ఇంజను చుట్టూ ఉన్న నీళ్లు మరిగి ఆవిరై పోతూ వేడిని మోసుకెళ్లేవి. అందుకే దారి పొడవునా దొరికిన చోటల్లా ఆగి నీళ్లు నింపుకోవాల్సి వచ్చింది. ఆ కారుకు నీళ్లు తాగడం జబ్బు కాదు, దాని తీరే అది.

ఆ దాహం తీర్చింది తేనెపట్టు

1900-01లో విల్‌హెల్మ్ మైబాక్ తన 35 హార్స్‌పవర్ మెర్సిడెస్ కారుకు కొత్త రకం రేడియేటర్ అమర్చాడు. ఆరు మిల్లీమీటర్ల వెడల్పున్న 8,070 చిన్న గొట్టాలను తేనెపట్టులా పేర్చాడు. ఆ గొట్టాల్లోంచి గాలి దూసుకుపోతుంటే వాటి చుట్టూ ఉన్న నీళ్లు చల్లబడేవి. తొమ్మిది లీటర్ల నీళ్లే తిరిగి తిరిగి ఇంజనును కాపాడేవి. మన ఇంటి ముందున్న కారు రేడియేటర్ దాని వారసురాలే. ఇప్పుడు చిన్న కారులో ఉండేది మూడు నాలుగు లీటర్ల ద్రవం. అది మూత బిగించిన వ్యవస్థలో తిరుగుతుంది. తయారీదారు చెప్పిన గడువుకు కూలెంట్ మార్చుకోవాలే గానీ, వారం వారం పోయాల్సిన అవసరం ఉండకూడదు. పోయాల్సి వస్తోందంటే ఎక్కడో లోపం ఉందనే అర్థం.

బానెట్ కింద ఒక ప్రెషర్ కుక్కర్

రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అది ఆ మూత ఆపి ఉంచే ఒత్తిడి. 0.9 మూత సరిగ్గా బిగిసి ఉంటే లోపలి మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. వంటింటి కుక్కర్‌లో పప్పు త్వరగా ఉడకడానికి కారణమూ ఇదే ఒత్తిడి. కుక్కర్ గాస్కెట్ పాతబడితే విజిల్ రాకుండా పక్కల నుంచి ఆవిరి పోతుంది కదా! మూత లోపలి రబ్బరు గట్టిపడి పగిలినా అంతే. ఒత్తిడి నిలవదు, నీళ్లు ముందే మరుగుతాయి, ఆవిరై పోతాయి. ఇంజను విప్పే ముందు చూడాల్సింది ఈ చిన్న మూతనే. మార్చేటప్పుడు అదే అంకె ఉన్న మూత తీసుకోండి. పెద్ద అంకె వేస్తే పాత పైపులు తట్టుకోవు.

మన ఊళ్లో నీళ్లు 100 డిగ్రీల కంటే ముందే మరుగుతాయి

సముద్ర మట్టం నుంచి సుమారు ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. అనంతపురం దాదాపు 335 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ 99 డిగ్రీలకే మరుగుతాయి. 600 మీటర్లు దాటిన హిందూపురంలో 98కి, 1,265 మీటర్ల హార్స్‌లీ హిల్స్‌లో 96కి. మూత పాడైన కారుతో కొండెక్కితే ఈ నాలుగు డిగ్రీలే నడిదారిలో నిలబెడతాయి.

మే నెల మధ్యాహ్నం రేడియేటర్ బలం తగ్గుతుంది

రేడియేటర్ ఎంత వేడిని వదలగలదన్నది లోపలి ద్రవానికీ బయటి గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. ద్రవం 90 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు ఉంటే తేడా 65. అదే గాలి 43 డిగ్రీలకు చేరితే తేడా 47 మాత్రమే. అంటే డిసెంబరు ఉదయం చేసే పనిలో పావు వంతుకు పైగా మే నెలలో చెయ్యలేదు. దానికి తోడు ఏసీ వేస్తే, రేడియేటర్ ముందున్న ఏసీ జల్లెడ తన వేడిని కూడా ఈ గాలికే కలుపుతుంది. చలికాలమంతా దాగి ఉన్న చిన్న లోపం ఎండాకాలంలో బయటపడేది ఇందుకే. తప్పు ఎండది కాదు, ఎండ దాన్ని పట్టించిందంతే.

సెకనుకు ఒక్క చుక్క

ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు. సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే గంటకు 180 మిల్లీలీటర్లు. అనంతపురం నుంచి బెంగళూరు చేరేలోపు ముప్పావు లీటరు దాకా పోయినట్టు. కారు చిన్నది, లోపలున్నది నాలుగు లీటర్లు. ఇక లెక్క మీరే వేసుకోండి.

కారినా నేల తడవదు

"కింద ఒక్క చుక్క కూడా లేదు, మరి నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?" అని చాలామంది అడుగుతారు. నేనూ అడిగాను. రెండేళ్ల కిందట మా పాత కారుకు వారానికో అర లీటరు పోస్తూ రెండు నెలలు గడిపేశాను. ఏప్రిల్‌లో ఒక రోజు కళ్యాణదుర్గం రోడ్డులో ముల్లు ఎర్ర గీత దాటింది. చింతచెట్టు కింద చిన్న షెడ్డు కనబడితే తోసుకెళ్లి ఆపాం. అరవై ఏళ్ల మెకానిక్ బానెట్ ఎత్తాడు గానీ వెంటనే చెయ్యి పెట్టలేదు. బీడీ ఆర్పేసి ఇంజను చల్లారేదాకా కూర్చున్నాడు. "అన్నా, ఇది నీళ్లు తెగ తాగుతోంది" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మనిషి తాగుతాడు, ఎద్దు తాగుతాది. బండి తాగదు సార్. యాడో కారతాండాది" అన్నాడు.

టార్చి లైటు, చేతి అద్దం తీసుకుని వాటర్ పంపు కిందికి పెట్టి నన్ను వంగి చూడమన్నాడు. అద్దంలో కనబడింది నీళ్ల చుక్క కాదు, తెల్లటి చార. పంపు ఒంటి మీద ఉన్న సన్నని బెజ్జం నుంచి మొదలై సున్నం పూసినట్టు కిందికి దిగింది. గోటితో గీకితే పొడిగా రాలింది. "మన బోరు పైపు చుట్టూ కట్టేదే ఇది. నీళ్లు ఎగిరిపోతాయి, ఉప్పు మిగుల్తాది" అన్నాడు. ఆ బెజ్జం కావాలనే పెడతారట. పంపు లోపలి సీలు అరిగితే నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా, బయటికి కారి మనకు చెప్పడానికి. అది రెండు నెలలుగా చెబుతూనే ఉంది. నేను నీళ్లు పోసి దాని నోరు మూయిస్తున్నాను.

పొడి గాలి, కాలే ఇంజను, వేడి నేల. ఈ మూడూ కలిసిన చోట కారిన చుక్క నేలను చేరేలోపే ఆవిరైపోతుంది. కాబట్టి తడి కోసం కాదు, మచ్చ కోసం వెతకండి. బోరు నీళ్లు పోస్తే తెల్లటి పొక్కు, కూలెంట్ పోస్తే పచ్చటిదో గులాబీదో మరక. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, రేడియేటర్‌లో ప్లాస్టిక్ తొట్టి అల్యూమినియానికి అతికే అంచున, పంపు చుట్టూ, మూత మెడ దగ్గర ఇవి దొరుకుతాయి.

బోరు నీళ్లు మనిషికే కాదు, ఇంజనుకూ చేటు

చక్కెర వేడి నీళ్లలో బాగా కరుగుతుంది. సున్నపు లవణాల తీరు వేరు. నీళ్లు వేడెక్కిన కొద్దీ అవి విడిపోయి గట్టి పొరగా పేరుకుంటాయి. స్నానాల గదిలో గీజర్ కాయిల్, టీ కాచే గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. లోతైన బోర్ల నుంచి వచ్చే మన నీళ్లలో ఈ లవణాలు ఎక్కువ. మన బోర్లలో ఫ్లోరైడ్ సంగతి తెలియని ఇల్లు లేదు. ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తే పేరుకునేది ఎక్కడ? అతి వేడిగా ఉండే సిలిండర్ల చుట్టూ, అతి సన్నగా ఉండే రేడియేటర్ గొట్టాల్లో. అంటే చల్లదనం ఎక్కువ కావలసిన చోటే. ఆ సున్నపు పొర అల్యూమినియంతో పోలిస్తే వందో వంతు వేడిని కూడా సరిగా దాటనివ్వదు. ఇంజనుకు కంబళి కప్పినట్టే. నీళ్లలోని క్లోరైడ్లు అల్యూమినియాన్ని గుంటలు గుంటలుగా తినేస్తాయి కూడా. అత్యవసరంలో ఒకసారి పోయక తప్పకపోవచ్చు. ఊరు చేరగానే ఆ నీళ్లు వదిలించి కూలెంట్ పట్టించండి. కలుపుకోవడానికి బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్ మేలు. ఏ చిన్న ఊళ్లోని బ్యాటరీ షాపులోనైనా దొరుకుతుంది.

బాటిల్ నిండుగా ఉంది, రేడియేటర్ ఎండింది

రేడియేటర్ పక్కనున్న ప్లాస్టిక్ బాటిల్‌లో ఎప్పుడూ సరిపడా ఉంటోందని నిశ్చింతగా ఉంటున్నారా? మూతకు రెండు కవాటాలు. ఒకటి వేడెక్కినప్పుడు ఎక్కువైన ద్రవాన్ని బాటిల్‌లోకి పంపుతుంది. రెండోది చల్లారాక అదే ద్రవాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండోది బిగుసుకుపోతే వెళ్లింది తిరిగి రాదు. బాటిల్ నిండుతుంది, రేడియేటర్ ఖాళీ అవుతుంది. చల్లారిన ఇంజనులో పై హోస్ పైపు పీల్చుకుపోయి చదునుగా కనబడితే అది ఈ లోపానికి గుర్తు. అందుకే ఇంజను పూర్తిగా చల్లగా ఉన్న ఉదయం వేళ, బాటిల్‌తో సరిపెట్టకుండా మూత తీసి రేడియేటర్ లోపల కూడా చూడండి. కొన్ని కార్లలో రేడియేటర్‌కు మూతే ఉండదు. ఒత్తిడి మూత ఆ బాటిల్‌కే ఉంటుంది.

మార్కర్ పెన్ను, అట్టముక్క

ఇంట్లో చేసుకునే పరీక్షకు ఈ రెండూ చాలు. ఉదయం చల్లటి ఇంజనులో బాటిల్ మీద ద్రవం ఉన్న చోట గీత గీసి తేదీ రాయండి. వారం తర్వాత అదే వేళకు చూడండి. గీత కదలకపోతే భయం లేదు. కదిలితే రాత్రి కారు కింద అట్టముక్క పరవండి. పచ్చ, గులాబీ, నీలం రంగు జిగట మరక అయితే కూలెంట్. నలుపు, గోధుమ రంగు అయితే ఇంజనాయిల్. రంగూ వాసనా లేని నీళ్లయితే ఏసీ నుంచి కారినవి, వాటికి కంగారు పడొద్దు. కారు లోపల తియ్యటి వాసన వచ్చి, ముందు సీటు కింద చాప తడిసి, అద్దం మీద జిడ్డు ఆవిరి పడుతుంటే డాష్‌బోర్డు వెనకున్న హీటర్ జల్లెడ కారుతున్నట్టు.

ఇవేవీ దొరక్కపోతే మెకానిక్ దగ్గరున్న ప్రెషర్ టెస్టర్ అడగండి. సైకిల్ పంపు లాంటి ఆ పరికరాన్ని మూత స్థానంలో బిగించి, మూత మీది అంకె దాకా ఒత్తిడి ఎక్కించి వదిలేస్తారు. ముల్లు నిలిస్తే లీకు లేనట్టు. దిగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. ఇంజను వేడి లేకుండా చేసే పరీక్ష కాబట్టి ఆవిరైపోకుండా చుక్క కంటికి కనబడుతుంది.

ఊళ్లో వేడెక్కుతుందా, హైవే మీదా?

మెకానిక్‌కు మీరు చెప్పగలిగిన అతి విలువైన సమాచారం ఇదే. టవర్ క్లాక్ దగ్గర ట్రాఫిక్‌లో వేడెక్కి, 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కగానే చల్లబడితే అనుమానం ఫ్యాను మీద పెట్టుకోవాలి. ఫ్యాను మోటారు, రిలే, ఫ్యూజు, సెన్సర్ చూడాలి. చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఏసీ వేస్తే ఫ్యాను తిరగాలి, తిరగకపోతే దొంగ దొరికినట్టే. దీనికి భిన్నంగా, ఊళ్లో బాగుండి హైవే మీద పావుగంటకు ముల్లు లేస్తుంటే ద్రవం సరిగా పారడం లేదన్న మాట. అప్పుడు పూడిన రేడియేటర్, సగమే తెరుచుకునే థర్మోస్టాట్, అరిగిన పంపు, లోపలికి పీల్చుకుపోయే కింది హోస్ పైపు మీద దృష్టి పెట్టాలి.

హంద్రీ-నీవా పంపు, కారు పంపు

హంద్రీ-నీవా పథకంలో శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్లను మెట్టు మెట్టుగా పంపులతో ఎత్తిపోస్తేనే 2012లో జీడిపల్లి జలాశయానికి చేరాయి. ఆ పంపులు ఆగితే కాలువ ఉన్నా నీళ్లు రావు. కారులోనూ అంతే. రేడియేటర్ నిండుగా ఉన్నా వాటర్ పంపు తిప్పకపోతే ఇంజను దగ్గరి ద్రవం అక్కడే మరుగుతుంది. పంపును తిప్పే బెల్టు జారినా, లోపలి రెక్కలు తుప్పు పట్టి అరిగినా ఇదే గతి. పెనుకొండ దగ్గర యర్రమంచిలో 2019 డిసెంబరు 5న ప్రారంభమైన కియా కార్ల ఫ్యాక్టరీకి కూడా హంద్రీ-నీవా నీళ్లే ఆధారం, గొల్లపల్లి జలాశయం నుంచి. కరువు సీమలో పుట్టే కార్లు కూడా ఎత్తిపోసిన నీళ్ల మీదే పుడుతున్నాయి.

మోటారుకు గాలి పట్టినట్టే

బోరులో నీళ్లు అడుగంటితే మోటారు గాలి పీలుస్తుంది, తిరుగుతున్న చప్పుడు వస్తుంది గానీ నీళ్లు రావు. రేడియేటర్ ఖాళీ అయ్యాక హడావుడిగా నింపి మూత బిగిస్తే ఇంజనులోనూ గాలి ఇరుక్కుంటుంది. గాలి ఉన్న చోట లోహం కాలిపోతుంది. నింపేటప్పుడు కారు ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండేలా నిలపండి. చల్లటి ఇంజనులో మూత తీసి నింపి, హీటర్ పూర్తిగా తెరిచి, ఇంజను మెల్లగా నడవనివ్వండి. పై హోస్ పైపును నొక్కి నొక్కి వదలండి. బుడగలు ఆగేదాకా ద్రవం పోస్తూ ఉండి, ఆ తర్వాతే మూత బిగించండి.

ముల్లు హఠాత్తుగా పడిపోతే సంతోషించొద్దు

వేడి సెన్సర్ ద్రవంలో మునిగి ఉన్నప్పుడే సరైన లెక్క చెబుతుంది. ద్రవం పూర్తిగా పోతే అది గాలిలో వేలాడుతుంది, ముల్లు కిందికి దిగిపోతుంది. ఎర్ర గీత దాకా వెళ్లిన ముల్లు ఉన్నట్టుండి చల్లని వైపు పడిపోయిందంటే, ఇంజను చల్లబడిందని కాదు, లోపల ద్రవం లేదేమోనని అనుమానించాలి. వెంటనే పక్కకు ఆపెయ్యండి. కొన్ని కొత్త చిన్న కార్లకు ముల్లే లేదు, ఎర్ర దీపం మాత్రమే ఉంటుంది. అది వెలిగాక ఇంకో కిలోమీటరు లాగిద్దాం అనుకోవద్దు.

టీ రంగు ఆయిల్, తెల్ల పొగ

బయట ఎక్కడా మచ్చ లేదు, చాప తడవలేదు, ప్రెషర్ మాత్రం దిగుతోంది. అలాంటప్పుడు ద్రవం ఇంజను లోపలికే పోతూ ఉండవచ్చు. బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ కాలిపోతే ఇలా జరుగుతుంది. గుర్తులు నాలుగు: ఇంజనాయిల్ పాలు కలిపిన టీ రంగుకు మారుతుంది. సైలెన్సర్ నుంచి తియ్యని వాసనతో తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. చల్లటి ఇంజను మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు తెరపి లేకుండా పొంగుతాయి. స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ పైపు రాయిలా గట్టిపడుతుంది. మెకానిక్ దగ్గర నీలం రంగు పరీక్ష ద్రవం ఉంటే రేడియేటర్ మెడ మీద పెట్టి చూస్తారు. అది పసుపు రంగుకు తిరిగితే మండిన వాయువు ద్రవంలోకి వస్తున్నట్టు ఖాయం.

హెడ్డుకు వాడే అల్యూమినియం వేడికి పోత ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. అందుకే ఒక్కసారి బాగా హీటెక్కితే చాలు, హెడ్డు వంగుతుంది, గాస్కెట్ పట్టు వదులుతుంది. హోస్ పైపు మార్చడానికి అయ్యే ఖర్చుకూ హెడ్డు విప్పి ఫేసింగ్ చేయించే ఖర్చుకూ పోలికే లేదు.

థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందా?

మన ప్రాంతంలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఇది. థర్మోస్టాట్ లోపల మైనం ఉంటుంది. 82 నుంచి 88 డిగ్రీల దగ్గర అది కరిగి ఉబ్బి దారి తెరుస్తుంది. దాన్ని తీసేస్తే ఇంజను ఎంతసేపటికీ సరైన వేడికి రాదు. పెట్రోలు ఎక్కువ పోతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో అది లేకపోతే ద్రవం రేడియేటర్ వైపు పోకుండా అడ్డదారిలో తిరిగి ఇంకా వేడెక్కుతుంది. అనుమానముంటే విప్పి గిన్నెలో నీళ్లు కాచి అందులో వెయ్యండి. తెరుచుకుంటే బాగున్నట్టు, లేకపోతే కొత్తది వెయ్యండి. తీసేసి వదిలెయ్యొద్దు.

ఆషాఢం గాలి, వేరుశనగ పొట్టు

గాలిమరలు తిప్పే మన గాలి రేడియేటర్ రేకుల మధ్య దుమ్మును కూడా నింపుతుంది. వేరుశనగ కాయ ఒలిచే రోజుల్లో పొట్టు, ఎండుటాకు, సాయంత్రాల్లో పురుగులు. ఇవన్నీ ఏసీ జల్లెడకూ రేడియేటర్‌కూ మధ్య సందులో గడ్డకట్టి కూర్చుంటాయి. బయటి నుంచి చూస్తే శుభ్రంగానే కనబడుతుంది. ఇంజను చల్లారాక లోపలి వైపు నుంచి బయటికి మామూలు పైపుతో మెల్లగా నీళ్లు కొట్టించండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది.

పసుపు వేస్తే లీకు ఆగుతుందా?

లారీ డ్రైవర్ల పాత చిట్కా ఇది. పసుపు పొడి సన్నని చిల్లులో ఇరుక్కుని కాసేపు ఆపుతుంది, నిజమే. కానీ అది చిల్లును మాత్రమే వెతుక్కోదు. రేడియేటర్ సన్న గొట్టాలనూ హీటర్ జల్లెడనూ కూడా పూడుస్తుంది. నడిరాత్రి అడవి దారిలో పరవాలేదు. మరునాడు మాత్రం అన్నీ కడిగించి అసలు లీకును బాగు చేయించండి.

మనకు మంచు లేదు, కూలెంట్ ఎందుకు?

కూలెంట్ అంటే గడ్డకట్టకుండా కాపాడేదే అనుకుంటారు. సగం నీళ్లు, సగం ఎథిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవం మూత లేకుండానే 106 డిగ్రీల పైన గానీ మరగదు. అంతకంటే ముఖ్యం అందులోని తుప్పు నిరోధకాలు. పంపు సీలుకు, అల్యూమినియానికి అవే రక్ష. అలాగని చిక్కటి కూలెంట్‌ను నీళ్లు కలపకుండా పోయకూడదు. వేడిని మోయడంలో నీళ్లదే పై చెయ్యి. డబ్బా మీద నేరుగా పోయాలో, కలిపి పోయాలో రాసి ఉంటుంది, చదవండి. రంగు చూసి కొనొద్దు. పచ్చ, ఎరుపు, నీలం అన్న రంగులకు అన్ని కంపెనీలూ పాటించే నియమం లేదు. రెండు వేర్వేరు రకాలు కలిస్తే నిరోధక గుణం దెబ్బతింటుంది, ఒక్కోసారి జెల్లీలా గడ్డకడుతుంది. మీ కారు పుస్తకంలో చెప్పిన రకమే పోయండి.

తియ్యగా ఉండే విషం

ఎథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉంటుంది, కొద్ది మోతాదులోనే కిడ్నీలను దెబ్బతీసి ప్రాణం తీస్తుంది. ఎండాకాలం ఏ గుంటలో తడి కనబడినా మూతి పెట్టే కుక్కలు, మేకలు, దూడలు మన వీధుల్లో ఉన్నాయి. తీసేసిన కూలెంట్‌ను నేల మీదో కాలువలోనో వదలొద్దు. డబ్బాలోకి పట్టి, పిల్లలకు అందకుండా పెట్టి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. తాగే నీళ్ల బాటిల్‌లో దాన్ని ఎన్నడూ నిల్వ చెయ్యొద్దు. ఎవరైనా తాగారన్న అనుమానం వస్తే లక్షణాల కోసం చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

నడిదారిలో ముల్లు లేస్తే

బెంగళూరు వెళ్లే దారి మనకు ఎక్కుడు దారి. 335 మీటర్ల దగ్గర బయల్దేరి 900 మీటర్ల పైకి చేరతాం. ఐదుగురు, సామాను, ఏసీ ఉంటే ముల్లు మీద ఒక కన్ను వెయ్యండి. లేవడం మొదలవగానే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడి మీద, పూర్తి గాలి మీద పెట్టి కిటికీలు దించండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, కొంత వేడిని లాగేస్తుంది. ఉక్కపోతను ఐదు నిమిషాలు భరిస్తే ఇంజను దక్కుతుంది. అప్పటికీ తగ్గకపోతే సురక్షితమైన చోట ఆపి ఇంజను కట్టెయ్యండి.

ఆపాక మూత ముట్టుకోవద్దు. లోపల 110 డిగ్రీల ద్రవం ఒత్తిడి వల్లే మరగకుండా ఆగి ఉంటుంది. మూత తిప్పిన క్షణం ఒత్తిడి పోతుంది, ద్రవం ఒక్కసారిగా మరిగి ఆవిరితో పైకి చిమ్ముతుంది. నీళ్లు ఆవిరైతే వాటి పరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. ముఖం, చేతులు కాలిన వాళ్లెందరో. కనీసం అరగంట, వీలైతే ఇంకా ఎక్కువ ఆగండి. పై హోస్ పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. కాలుతున్న ఇంజనులో చల్లటి నీళ్లు కుమ్మరిస్తే హెడ్డు, బ్లాకు పగలొచ్చు. నీళ్లు పోసిన కారును ఊరి దాకా తీసుకెళ్లడానికే వాడుకోండి. అది మరమ్మతు కాదు.

రేపు ఉదయం ఒక పని

స్టార్ట్ చెయ్యకముందే బానెట్ ఎత్తండి. బాటిల్ మీద గీత గీయండి. మూత తీసి రేడియేటర్ అంచు దాకా ఉందో లేదో చూడండి. మూత రబ్బరును వేలితో నొక్కి చూడండి. పైపుల క్లిప్పుల దగ్గర, పంపు కింద తెల్లటి చార కోసం వెతకండి. ఐదు నిమిషాల పని. చుక్క నీటి విలువ తెలిసిన జిల్లా మనది. కారులో నీళ్లు తగ్గిన రోజు బాటిల్ కోసం డిక్కీ తెరిచే ముందు, ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో కనుక్కోండి.